విమానం ఎక్కినవాళ్ళు

మే 2, గురువారం

మా ఆయన టికెట్లు బుక్ చేసేశాడు. సముద్రం ఒడ్డున రిసార్ట్, అయిదు రోజులు. నన్ను అడగను కూడా లేదు. నాకు గాలి మార్పు కావాలట. అమ్మ పోయి రెండు నెలలైనా నేనింకా మనుషుల్లో పడలేదట.

బుడంకాయ మాత్రం ఇల్లు పీకి పందిరేసింది. నాలుగేళ్ళ నా కూతురికి అమ్మ పెట్టిన పేరది. అసలు పేరుతో పిలిస్తే పలకదు. విమానం అనగానే సోఫా మీద గెంతులు. అమ్మమ్మ దగ్గరికే కదా అంది. ఆయన నా మొహం చూశాడు. నేను గోడ చూశాను.

మే 3, శుక్రవారం

ఇదంతా ఆయన నిర్వాకమే. అమ్మ పోయిన రోజు హాస్పిటల్ కారిడార్లో, అమ్మమ్మేదీ అమ్మమ్మేదీ అని పిల్ల ప్రాణం తోడేస్తుంటే, కిటికీలోంచి ఏదో విమానం కనబడిందట. అదిగో, అమ్మమ్మ అందులో వెళ్ళిపోయింది అనేశాడు. ఆ పూటకి గండం గడిచింది. ఆ తర్వాత ఇంట్లో అందరిదీ అదే పాట. మా చెల్లెలైతే విమానానికి టాటా కూడా చెప్పించింది. నేనూ నోరు మూసుకున్నాను. పిల్లకి చెప్పాలంటే ముందు నేను నమ్మాలి కదా.

ఇప్పుడు ఎక్కేలోపు ఎవరో ఒకరు నిజం చెప్పాలి. లేకపోతే పైకెళ్ళాక అమ్మమ్మ కనబడక పిల్ల గుండె పగిలిపోతుంది. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకుంటున్నాం.

మే 9, గురువారం

పనిలో మనసు లేదు. కళ్ళజోళ్ళ షాపులో వెనక గది నాది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం పని. ఇవాళ ఒకాయన కుడి కంటి అద్దం ఎడమ వైపు బిగించాను. ఓనర్ చూసి, తనే తీసి సరిచేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

మే 14, మంగళవారం

చెప్పలేదు.

మే 16, గురువారం. ఉదయం, ఎయిర్‌పోర్ట్

బుడంకాయ కొత్త చెప్పులేసుకుంది, అమ్మమ్మకి చూపించాలట. సెక్యూరిటీ దగ్గర చెప్పులు తీయమంటే మొండికేసింది. అక్కడి అమ్మాయి బుజ్జగిస్తూ ఎక్కడికి ప్రయాణం అని అడిగింది. అమ్మమ్మ దగ్గరికి అంది ఇది. ఆ అమ్మాయి ముచ్చటపడి, అయితే తొందరగా వెళ్ళిపో మరి అంది. 

అదే రోజు సాయంత్రం, హోటల్

బెల్టు లైటు ఆరీ ఆరగానే సీటు దిగింది. ఒక్కొక్క వరస దగ్గరా ఆగి, ఒక్కొక్కళ్ళ మొహంలోకీ తొంగి చూడడం. వెనకాలే నేను, సారీ సారీ అనుకుంటూ.

చివర్లో కిటికీ పక్కన ఒక పెద్దావిడ, తల నిండా శాలువా కప్పుకుని నిద్రపోతోంది. అదే భుజం వాలు. నోరు అలాగే కొంచెం తెరిచి. బుడంకాయ ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. పిల్లని ఎత్తుకుని వచ్చెయ్యాల్సింది. రాలేదు. నేనూ చూస్తూ నిలబడ్డాను. నాకు ఆశ పుట్టింది.

ఆవిడ కదిలి కళ్ళజోడు పెట్టుకుంది. అమ్మది కాదు. అమ్మ అద్దాలు నా చేత్తో అరగదీసినవి. ఈవిడ కాదు అని తేల్చేసి పిల్ల ముందుకెళ్ళిపోయింది. దిగేముందు బాత్రూమ్‌కని చెప్పి, నేనొక్కదాన్నే మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను. ఇది ఆయనకి చెప్పలేదు.

దిగాక పిల్ల ఏడవలేదు. అమ్మమ్మది ఏ విమానమో సరిగ్గా కనుక్కోమని నాన్నని కోప్పడింది.

మే 18, శనివారం

చెప్పేశాను. ఒడ్డున ఇసుకలో కూర్చుని. అమ్మమ్మ విమానం ఎక్కలేదని, చచ్చిపోయిందని, ఇంక రాదని. ఎలా చెప్పాలో తెలీక నాన్న అలా అన్నాడని. అంతా వింటూనే బకెట్లో ఇసుక కూరుతోంది. అయితే విమానం ఎక్కడమంటే చచ్చిపోవడమా అని అడిగింది. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. సరిగ్గా వినిపించుకోలేదు. అవునమ్మా, నాన్న అన్నదానికి అర్థం అదే అన్నాను.

తలూపింది. బకెట్ బోర్లించింది.

మే 20, సోమవారం

తిరుగు ప్రయాణంలో గొడవ చేస్తుందని హడలిపోయాను. కిక్కురుమనలేదు. నా వేలు పట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఎయిర్ హోస్టెస్ తెగ మెచ్చుకుంది. చెబితే ఎంత బాగా అర్థం చేసుకుందో చూశావా అన్నాడు ఆయన. నా మనసు తేలికపడింది.

మే 22, బుధవారం

స్కూల్లో సమ్మర్ క్యాంపుకి రానంది. చచ్చిపోయినవాళ్ళకి స్కూలుండదట.

మనం ముగ్గురం విమానం ఎక్కాం కదా అంది. భయం లేదు, బెంగ లేదు. ఇంట్లో పాలు అయిపోయాయి అన్నంత మామూలుగా అంది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను కూర్చోబెట్టి, లేదు తల్లీ, అందరం బతికే ఉన్నాం అని నచ్చజెప్పబోయాను. తన సంగతీ నాన్న సంగతీ ఏమోగానీ, నేను మాత్రం విమానం ఎక్కకముందే చచ్చిపోయానట. తనకి ఎప్పుడో తెలుసట. పిలిస్తే పలకనట. కళ్ళు తెరిచే ఉంటానుగానీ చూడనట. హాస్పిటల్లో అమ్మమ్మ కూడా అంతేనట.

ఆయన నవ్వడం ఆపేశాడు.

మే 23, గురువారం

పిల్ల చెప్పింది నిజమే. అమ్మతోనే నేనూ పోయినట్టుంది. ఎన్నిసార్లు పిలిచిందో పాపం, నాకు ఒక్క పిలుపూ గుర్తు లేదు. ఇవాళ పిలిచినప్పుడల్లా పలికాను. ప్రతిసారీ వింతగా చూసింది. నమ్మినట్టు లేదు.

మే 25, శనివారం

పొద్దున బుడంకాయ వచ్చి నా చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. నొప్పి పుట్టిందా అని అడిగింది. పుట్టిందన్నాను. హమ్మయ్య అనుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

గిల్లిన చోట ఎర్రగా కందింది. నాకు నొప్పేమీ తెలియలేదు.