దసరా దండ, ముందు గేరు

అక్టోబర్ 2, గురువారం. దసరా.

మా అత్త కూర్మమ్మ, ఇంట్లో చక్రం ఉన్న ప్రతిదానికీ పూజ చేసింది. మా ఆయన గోవింద్ బైక్‌కి హ్యాండిల్ మీద బంతిపూల దండ. నా గేరు సైకిల్‌కి మాత్రం పెడల్ దగ్గరి పళ్ళచక్రాల చుట్టూ! ఎందుకని అడిగితే, అన్నిటికన్నా కష్టపడతన్నాది అదే కదా మరేటి, అంది.

అక్టోబర్ 3, సాయంత్రం.

పొద్దున పూలు తీసేసి డ్యూటీకి బయల్దేరాను. దారం మిగిలిందని చూడలేదు. గజపతినగరం దాటాక, మెట్ట ఎక్కేముందు చిన్న చక్రంలోకి గేరు మార్చగానే కరకర. దారం గొలుసుతో పాటు పైకి లేచి ఫ్రంట్ డిరైలర్‌ని మెలిపెట్టేసింది. గొలుసును ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదకి నెట్టే చట్రం అది. ఇప్పుడు మూతి వంకర పెట్టుకుని కూర్చుంది. గొలుసు పెద్ద చక్రం మీదే ఉండిపోయింది. మెట్టంతా నడిచాను.

గోవింద్ సంబరం చూడాలి. సోమవారానికి బాగవకపోతే అమ్మేసి స్కూటీ కొందామన్నాడు. స్కూటీ మీద వెళ్తే మెట్ట ఎక్కేది నేనా, అదా? నాకీ సైకిలే కావాలి.

దండ కట్టింది తనేనని కాబోలు, అత్త అన్నం కూడా కెలికి వదిలేసింది.

అక్టోబర్ 4

సైకిల్ షాపు జగన్నాధం గారు వంగి చూసి, ఇది పీకి పారెయ్యమ్మా, ముందు గేరు నేకపోతే ఏటైపోద్ది, అన్నారు. దండం పెట్టి వచ్చేశాను.

అక్టోబర్ 5, ఆదివారం.

కేబుల్ వదులు చేసి, చట్రం విప్పి, కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా తిన్నగా చేశాను. బిగించేటప్పుడు పెద్ద చక్రం పళ్ళకీ దీనికీ మధ్య రూపాయి బిళ్ళ మందమంత సందు ఉండాలని యూట్యూబ్ వీడియోలో ఒకాయన చెప్పాడు. ఎందుకంతే? కావాలనే తక్కువ పెట్టాను. పళ్ళకి తగిలింది. ఎక్కువ పెట్టాను. గొలుసు కదలనని మొండికేసింది. భలే ఉంది!

తర్వాత రెండు చిన్న స్క్రూలు. ఒకటి గొలుసు లోపలికి పడిపోకుండా, ఒకటి బయటికి పడిపోకుండా. తిప్పుతుంటే ఎవరో సీటు పట్టుకుని సైకిల్ పైకెత్తారు. అత్త! ఇంకో చేత్తో పెడల్ తిప్పుతోంది. ఈ మర ఏటి, ఆ మర ఏటి, గొలుసు ఎక్కడ రాసుకుంటాది, ఎక్కడ రాసుకోదు... నాకంటే ఎక్కువ ప్రశ్నలు. నేను మర కాస్త తిప్పడం, తను చెవి దగ్గర పెట్టి ఇంకా రాస్తన్నాదే అనడం. చివరికి ఆగిందే అని అరిచింది. ఇద్దరం చేతుల నిండా గ్రీజుతో నవ్వుకున్నాం.

గోవింద్ వీధిలో ఒక రౌండ్ తొక్కి, దిగి సైకిల్ నా చేతికిచ్చాడు.

అక్టోబర్ 6

దిగకుండా మెట్ట ఎక్కాను. పైన ఆగి చూస్తే డిరైలర్ మీద చిన్న కుంకుమ బొట్టు. గొలుసు రాసుకోని చోట.