ఎర్ర పొట్టు

దీపావళికి ముందు రోజు, రాత్రి. కణేకల్.

అక్కకు పంపిన పండగ బుట్టలో అన్నీ నా చేత్తో చేసినవే. కారాలు, నిప్పట్లు, పైన వేరుశనగ గింజలతో కట్టిన చెనక్కాయ ఉండలు. పొద్దున్నే మడకశిరకు పంపించి, ఒక పని అయిందని సంబరపడ్డాను.

సాయంత్రం మా ఆయన పొలం నుంచి వచ్చి వసారా అంతా వెతికాడు. "విత్తనాలకు పురుగు మందు పట్టించి చాటలో ఆరబెట్టినా గదా, యాడబోయినాయి?"

నేను వేయించింది ఆ చాటలోవే. పొట్టు మరీ ఎర్రగా ఉంటే గింజ రకమే అంత అనుకున్నాను.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. "ఉండలు శానా బాగుండాయే. పాప అప్పుడే రెండు తినింది" అని నవ్వింది.

"అక్కా, అవి మందు పట్టించిన విత్తనాలు! పాపను ఆస్పత్రికి ఎత్తుకపో!"

అక్క ఫోన్ పెట్టేయకుండానే పరుగెత్తింది. పాపను పిలుస్తున్న కేక నాకు వినపడుతూనే ఉంది.

ఇందాక ఆస్పత్రి నుంచి బావ మాట్లాడాడు. "ఈ రాత్రికి ఈడనే ఉండాలన్నాడు డాక్టరు. ఇప్పటికైతే ఆడుకుంటాంది."

ఇప్పటికైతే, అన్నాడు. అక్కకు ఫోన్ ఇవ్వమంటే ఇవ్వలేదు.

ఉండలు కట్టేటప్పుడు ఆ పొట్టంతా కోళ్లకు వేశాను. అది గుర్తొచ్చి టార్చి తీసుకుని పెరట్లోకి వెళ్లాను. గంప ఎత్తగానే రెండు కోళ్లు కదిలి మళ్లీ ముడుచుకున్నాయి. నల్లకోడి కదల్లేదు. కళ్లు మూసుకునే ఉంది. నిద్రేమో.

ముట్టుకుంటే తెలిసిపోతుంది. గంప మళ్లీ మూసేసి వచ్చి ఇది రాస్తున్నాను.