బెల్లం మీద పడ్డ నింద

అమ్మా,

నువ్వు పరిగి నుంచి వచ్చేసరికి నేను ఇంట్ల ఉండ. పండ్లకు స్కాన్ తీయించుకోనీకి వికారాబాద్ పోతున్న, సాయంత్రం రైలుకు వస్త. పప్పు జర వేడి చేసుకో. ఫికర్ చెయ్యకు, నొప్పేం లేదు.

వింత గదే. ఎక్స్‌రేల చూస్తే నా నాలుగు పండ్ల వేర్లు సగానికి కరిగిపోయినయ్. పండ్లు పుచ్చలే, దెబ్బ తగలలే, పండ్లు సక్కగ చేసే క్లిప్పులు గూడ ఎన్నడు పెట్టుకోలే. పాలపండ్లు ఊడే ముందు వేర్లు గిట్లనే కరుగుతయట. నాకు ఇప్పుడెందుకు కరుగుతున్నయో డాక్టరమ్మకే సమజైతలేదు. "మీ ఇంట్ల ఎవరికన్న గిట్లయిందా?" అని అడిగింది.

నాకు నువ్వే యాదికొచ్చినవ్. ముప్పై ఐదేండ్లకే నీ ముందటి పండ్లు ఊడినయ్ గదా. ఊడిన పన్నుకు కింద వేరు ఉండెనా, పాలపన్ను లెక్క మొండిగ ఉండెనా? మంచిగ యాది చేసుకొని ఫోన్ చెయ్యి, డాక్టరమ్మకు చెప్పాలె.

మన దుకాణంల బెల్లం దొంగతనంగ తిని పండ్లు పోగొట్టుకున్నవని నానమ్మ ఇన్నేండ్లు అంటుంటే, నేను గూడ నవ్విన. అది బెల్లం తప్పు గాకపోవచ్చు.

నిఖిల

ఇంకోటి. స్టీలు డబ్బల బెల్లం గడ్డ పెట్టిన. నానమ్మ ముందట కూసోని తిను.