ఉప్పు పంపవద్దు అక్కా

శేరిలింగంపల్లి,
మాఘ బహుళం, ఆదివారం.

తల్లి తరువాత తల్లివైన అక్క నాంచారమ్మకు, చెల్లెలు సుబ్బులు దణ్ణం పెట్టి రాసేది.

నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్న దగ్గు తగ్గిందా? ఉప్పుమళ్ళలో పొద్దస్తమానం నిలబడవద్దని చెప్పు. నా మాట వినడు గానీ నువ్వు కసిరితే వింటాడు. ఇక్కడ నేను క్షేమం. అలాగే రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఒంట్లో మాత్రం నిజంగానే బాగుంది, కంగారుపడకు.

నీ ఉత్తరం, నాన్న పంపిన ఉప్పు మూట అందాయి. ఏడో నెల రాకముందే పురుటికి వచ్చెయ్యమన్నావు, ఆయన్ను కూడా తీసుకురమ్మన్నావు. ఎలా రాయను అక్కా? ఆయన పుష్యమాసంలో పోయాడు. కూర్చుని చదువు. నాన్న ఎదుట చదవకు.

పిన్నీ నేనూ రైలు కట్టకు కంకర కొట్టే పని కోసం ఈ దేశం వచ్చాం కదా. ఇక్కడ ఎటు చూసినా బండలే. ఎండాకాలం కాళ్ళు కాల్తాయి, చలికాలం పళ్ళు కొట్టుకుంటాయి, జొన్నరొట్టె తప్ప వేరే తిండి లేదు. చేప మొహం చూసి ఎన్నాళ్ళయిందో! పిన్ని వేగలేక తిరిగి వచ్చేసింది. నేను ఉండిపోయింది ఆయన కోసమే.

ఆయనది ఏ ఊరని నువ్వు అడిగినప్పుడల్లా ఉత్తరదేశమని రాశాను. అక్కా, ఆయనది అసలు ఈ భూమే కాదు. ఒక మధ్యాహ్నం ఆకాశం నుంచి ఏదో పెద్ద చప్పుడుతో వచ్చి బండల మధ్య పడింది. బాంబు వేశారని అందరూ పరుగెత్తారు. నాకు మొదటినుంచీ బుద్ధి తక్కువ కదా, వెళ్ళి చూశాను. నలిగిన రేకుల మధ్య మనిషిలాంటి మనిషి. తడిసిన బండ రంగు ఒళ్ళు, ఒక్క వెంట్రుక లేదు, చెమట పట్టదు. మాట నేర్చుకున్నాక పైకి చూపించి, అక్కడి నుంచి వచ్చానన్నాడు. తిరిగి వెళ్ళే దారి లేదన్నాడు. గొడవలకు ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళతో బండల చాటులన్నీ నిండిన రోజులవి, ఎవరూ ఎవరినీ ఆరా తీసేవారు కాదు. ఏదో చర్మం జబ్బు మనిషి అనుకుని మేస్త్రీ పనిలో పెట్టుకున్నాడు. కొండయ్య అని పేరు కూడా మేస్త్రీ పెట్టిందే.

నేను తిడితే కొత్త మాట దొరికిందని సంతోషపడిన మగాడు ఆయనొక్కడే. రోజంతా ఎండ తాగి, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చగా ఉండేది. ఆయన పక్కనుంటే కుంపటి అక్కర్లేదు. నాకు ఆయనంటే ప్రాణం అక్కా.

పెళ్ళికి నాన్న ఉత్తరంలో పెట్టిన షరతు నీకు తెలుసు. మన ఇంటి అల్లుడు మన మళ్ళలో పండిన ఉప్పు దండిగా కలిపిన ముద్ద తినాలి, తిన్నవాడు పిల్లను వదలడు. బావ మూతి వంకర పెట్టుకుని తిన్నాడు, గుర్తుందా? నాన్న పంపిన ఉప్పుతో ఈయన ఇక్కడే నవ్వుతూ తిన్నాడు. ఆ తరువాత రోజూ నా కుండలోదే తిన్నాడు. కొన్నాళ్ళకు చేతులు పగిలాయి. చెమట చేత్తో నేను పట్టుకున్నచోట కందిపోయేది. రాతి పని కదా అనుకున్నాను.

నిరుడు సరిహద్దులు మూసేశాక ఇక్కడికి ఉప్పు రావడం ఆగిపోయింది. ఊరంతా చప్పిడి కూడు తింటూ తిట్టుకుంటుంటే ఆయన మాత్రం నిగనిగలాడాడు. పక్క గుడిసె మల్లమ్మ నన్ను ఆటపట్టించేది. "అందరం ఎండిపోతుంటే నీ మొగడేందే గిట్ల మెరుస్తుండు? ఏం పెడ్తున్నవో జర మాకు గూడ చెప్పు!" నవ్వుకునేవాళ్ళం. ఈ కడుపు పండింది ఆ రోజుల్లోనే.

తరువాత సైన్యం వచ్చింది, బళ్ళకొద్దీ ఉప్పు వచ్చింది. కరువుతీరా తినమని ఆయనకు నేనే రెండింతలు వేశాను. దీపావళి దాటేసరికి మంచం పట్టాడు. వైద్యుడికి నాడి దొరకలేదు. ఒకరోజు మల్లమ్మ చెరువులో తుంగ కోసి వచ్చింది, కాలికి జలగ పట్టింది. చిటికెడు ఉప్పు చల్లితే అది ముడుచుకుపోయి రాలిపడింది. నేను దాన్ని చూశాను, ఆయన చేతులు చూశాను.

"నీకు తెలుసా?" అని అడిగాను.

"మొదటి ముద్దకే ఎర్కైంది."

"మరెందుకు తిన్నావయ్యా!"

"మీ నాయినకు మాటిచ్చిన గద. ఉప్పు తింటేనే నీ మొగణ్ణన్నరు. తినకుంటే నేనెవణ్ణి?"

అప్పటి నుంచి చప్పిడి పెట్టాను, ఒళ్ళంతా మంచినీళ్ళతో తడిపాను. చెయ్యి దాటిపోయింది. ఏడుపొస్తే బయటికి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని లోపలికి వచ్చేదాన్ని. కన్నీరు కూడా ఉప్పే కదా. ఆయన్ను పట్టుకుని ఏడ్చే భాగ్యం కూడా లేకపోయింది.

పూడ్చేటప్పుడు గోతిలో పొయ్యడానికి మేస్త్రీ గంపెడు ఉప్పు తెప్పించాడు. మర్యాద కోసమే పాపం. నేను గంప లాగి పారేశాను. "పిచ్చి లేసిందా ఏందే? ఉప్పు లేకుండ ఎట్ల పూడుస్తరు?" అని అందరూ అరిచారు. మల్లమ్మ ఒక్కతే, "దాని మొగడు. అది చెప్పినట్లు చెయ్యుర్రి" అన్నది. ఉత్త మట్టితో పూడ్చారు.

బిడ్డకు ఎవరి ఒళ్ళు వచ్చిందో తెలియదు. నేను చప్పిడే తింటున్నాను. మొన్న మరిచిపోయి మల్లమ్మ పెట్టిన పచ్చడి నాకితే ఆ పూటంతా కడుపులో కదలిక లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాడు కదిలింది.

మన ఊళ్ళో గాలి ఉప్పు, గోడలు ఉప్పు, బావి నీళ్ళు ఉప్పు. నాన్న చేతులు ఉప్పు. ఆ చేతుల్లో నా బిడ్డను పెట్టాలని ఎంత ఉందో నీకు చెప్పలేను. నేను పురుటికి రాలేను అక్కా. తరువాత కూడా రాలేనేమో.

మల్లమ్మ పురుడు పోస్తానంది, ఫికర్ చెయ్యకు. పాత చీరలు రెండు పంపు. పొరుగూరి మంచినీళ్ళ బావి దగ్గర బాగా జాడించి, అక్కడే ఆరేసి పంపు. ఇక ఉప్పు పంపవద్దు. బావకు, పిన్నికి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నా బిడ్డ బతకాలని నువ్వు దీవించు.

నాన్నకు మాత్రం ఆయన జ్వరంతో పోయాడని చెప్పు. నేను రానని మొండికేశానని చెప్పు. "ఇన్నేళ్ళు నా ఉప్పు తిన్న విశ్వాసమైనా లేదు దానికి" అంటాడు. అననీ. నువ్వు ఎదురు చెప్పకు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుబ్బులు