కంప్యూటర్ సంఘంలో విషయ నిర్ణయాధికారం

3 ఏప్రిల్ 1988

ఏ సభకైనా ముందు విషయం ఉండాలి. విషయానికి ముందు విషయ నిర్ణయం జరగాలి. నిర్ణయానికి ముందు, నిర్ణయించే అధికారం గల వ్యక్తి ఒకడు ఉండాలి. ఈ క్రమం తప్పిన సభకూ సంతకూ తేడా లేదు. నరసరావుపేట కంప్యూటర్ వినియోగదారుల సంఘంలో — సభ్యులు పదకొండుగురు, యంత్రం ఒకటి — ఆ వ్యక్తిని నేనే, కార్యదర్శిని. ఇరవై ఏళ్లుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న వాడికి గాక ఈ బాధ్యత ఇంకెవరికి దక్కుతుంది? యంత్రం అధ్యక్షులు సాంబయ్య గారిది. వారి పత్తి మిల్లు మేడ మీద, వట్టివేళ్ల తడికల చల్లదనంలో ఉంటుంది. మీటలు మాత్రం నా శాఖ.

నేటి విషయం: "కంప్యూటర్ ఎదుట కూర్చొను విధానం — మొదటి భాగం." నడుము నిటారుగా. మణికట్టు ఆనరాదు. యంత్రం అరిగిపోకుండా, పైనున్న ముఖమల్ గుడ్డ తీయకుండానే వేళ్ల అభ్యాసం. సభ నిశ్శబ్దంగా సాగింది. ఇద్దరు కళ్లు మూసుకొని విన్నారు.

10 ఏప్రిల్

రెండవ భాగం. కొత్త సభ్యుడు చేరాడు — మస్తాన్, స్టేషన్ రోడ్డులో మోటారు వైండింగ్ షాపు. చెప్పులు బయటే విడిచాడు. పద్ధతి తెలిసినవాడే అనుకున్నాను. మోచేతుల గురించి చెబుతుండగా చెయ్యెత్తాడు.

"సార్, ఇంతకీ దీన్ని ఎప్పుడు ఆన్ చేస్తారు?"

సభ నవ్వింది. నా ఉపన్యాసాల్లో ఇంతకు ముందు నవ్వు లేదు. మినిట్సులో చేర్చలేదు.

11 ఏప్రిల్

అన్నం సహించలేదు. ఎండల వల్ల.

17 ఏప్రిల్

మూడవ భాగం మొదలుకాలేదు. "ఓసారి స్విచ్చేసి చూద్దాం లేవయ్యా" అన్నారు సాంబయ్య గారు. గుడ్డ తీసింది మస్తాన్. పుస్తకం చూసి ఏదో రాసుకొచ్చాడట. ఒంటి వేలితో, కోడి గింజలేరినట్టు కొట్టాడు. మా అందరి పేర్లూ ఇచ్చి ఒక మీట నొక్కాడు. పేర్లన్నీ అక్షరక్రమంలో వచ్చి నిలబడ్డాయి.

చప్పట్లు. "మళ్లీ వారం కూడా మస్తానే చెబితే బాగుంటది!"

పది వేళ్లూ సక్రమంగా ఆడే మనిషి ఒకడు ఆ గదిలోనే ఉన్నాడని ఎవరికీ తోచలేదు.

18 ఏప్రిల్

మా ఆవిడతో చెప్పాను.

"మన మిక్సీ బాగు చేసినాయనే గదండీ? చానా మంచోడు. లోపల ఏం పోయిందో ఇప్పి చూపించి మరీ చెప్పాడు."

మిక్సీ పనిచేస్తోంది. అదొక బాధ.

20 ఏప్రిల్

రాబోవు సమావేశపు విషయం నిర్ణయించి నోటీసు బోర్డుకు ఎక్కించాను: "పేర్లను వరుసలో పెట్టుటలో యంత్రం అనుసరించు పద్ధతి. వక్త: శ్రీ మస్తాన్. సాయంత్రం ఆరు గంటలకు." ఆదివారం దాకా రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు కరెంటు కోత అని పేపర్లో పడింది. పేపరు నేను క్రమం తప్పకుండా చదువుతాను.

24 ఏప్రిల్

ఆరుకు కరెంటు పోయింది. గడియారం చూసుకున్నాను. సరిగ్గా ఆరు.

"అయ్యో, ఏం చేద్దాం మరి?" అన్నాను. విచారంగానే అన్నాను.

"పెట్టె లేకపోతే ఏంది సార్? మనుషులం ఉన్నాం గదా" అన్నాడు మస్తాన్.

మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్లి వరుసగా నిలబెట్టాడు. ఒకటే నియమం: మొదటి నుంచి ఒక్కొక్కరే కుడి పక్కవాణ్ణి చూడాలి, అతను పొట్టిగా ఉంటే ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి. చివరిదాకా వెళ్లాక మళ్లీ మొదటి నుంచి. సాంబయ్య గారు అధ్యక్ష హోదాలో మొదట నిలబడ్డారు. ఆరడుగుల మనిషి. ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఆ చివరికి చేరారు.

"ఒరేయ్ మస్తానూ, నన్నేందిరా మూలకి తోస్తన్నావ్?"

"నేను కాదండీ. లెక్క తోస్తంది."

అందరూ పొట్టలు పట్టుకొని నవ్వారు. నేను మూడు సార్లు చోటు మారాను. మూడోసారి... పెట్టెలో ఏం జరుగుతుందో అర్థమైంది. ఇన్నాళ్లూ ఉపన్యసించాను గాని తెలియదు. ఆ క్షణాన సంతోషించాను. సత్యం గనుక రాస్తున్నాను. అంతలో మస్తాన్ ముఖం చూశాను — వాడు నాకంటే ఎక్కువ సంతోషిస్తున్నాడు.

25 ఏప్రిల్

అసూయ అన్న మాట ఈ పుటలో ఉండరాదు. పొరపాటున పడినందున కొట్టివేయడమైనది.

పొద్దున మస్తాన్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. "అందరూ నేను చెబితే జరిగారు సార్. మీరొక్కరే నేను చెప్పకముందే జరిగారు. అప్పుడే అనుకున్నా, సార్ పట్టేశాడని."

నేను దేన్నైనా పట్టేశానని ఈ ఊళ్లో ఎవరూ అనలేదు. అనవలసినవాడు వీడేనా?

"నాకు ఏలు ఒకటే ఆడుద్ది. మీరు కొడతా ఉంటే నేను చెబుతా... ఇద్దరం కలిసి చేద్దామా సార్?"

వ్రాతపూర్వకంగా దరఖాస్తు చేసుకోమన్నాను.

28 ఏప్రిల్

సాంబయ్య గారు కబురంపారు. వెళ్లాను. "మాస్టారూ, ఇకమీదట ఏ వారం ఏం చెప్పాలో మస్తాను చూసుకుంటాడు లెండి. మీకూ శ్రమ తగ్గుద్ది. ఆదివారం చేతులెత్తించి తేల్చేద్దాం."

శ్రమ తగ్గించమని నేను ఎవరినీ కోరలేదు.

30 ఏప్రిల్

మస్తాన్ దరఖాస్తు తెచ్చాడు. రెండు ప్రతులు, ఎడమ వైపు మార్జిన్, కింద సంతకం. తప్పు పట్టడానికి మూడు సార్లు చదివాను.

1 మే

సాయంత్రం చేతులెత్తుతారు. ఎవరు ఎటు ఎత్తుతారో తెలుసు... నా చెయ్యి సంగతే తెలియదు. సభకు ముందే ఆమోదించడమైన నిబంధన, బోర్డుకు ఎక్కించవలసినది:

"సంఘంలో ఏ విషయమూ కార్యదర్శికి అర్థం కాకముందు మరెవ్వరికీ అర్థం కారాదు. పొరపాటున అయినచో, కార్యదర్శికి అర్థమగు వరకు సదరు సభ్యుడు అర్థం కానట్లే ప్రవర్తించవలెను. ఇది వక్తకు కూడా వర్తించును. ఇదే అంతిమం."