కారవాన్‌లో ఎవరి పాపో పిలిచింది

కోదాడ

అక్కకు, బావకు తమ్ముడు సైదులు దండాలు.

నేను బాగానే ఉన్నాను. బావ మోకాళ్ల నొప్పి తగ్గిందా? తిరుమలగిరిలో వాన పడిందా, పత్తి గింజలు పెట్టారా? ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. షెడ్డులోనే వండుకుంటున్నాను, నా తిండి గురించి దిగులు పెట్టుకోకు. ఎవరైనా ఇటు వస్తే నువ్వు పెట్టిన చింతకాయ తొక్కు కొంచెం పంపు.

శిరీషను బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు దగ్గర బావ పేరు రాయించనా అని మొన్న ఫోన్లో అడిగావు. జాబు రాస్తానని పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు అడిగిన రోజే పగలు మునగాల దాబా దగ్గర ఒక కారవాన్ ఆగింది. లోపలే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్ ఉన్న ఇల్లులాంటి బండి. భార్యాభర్తలు, మన శిరీష అంత పాప. ఒక్కటి తప్ప ప్లగ్గులేవీ పనిచేయడం లేదన్నారు. మా కరెంటు మేస్త్రి నన్ను తీసుకెళ్లాడు. దాబా నుంచి బండికి కరెంటు బాగానే వస్తోంది. టెస్ట్ బల్బు పెడితే మొదటి ప్లగ్గులో వెలిగింది, ఆ తర్వాత దేంట్లోనూ లేదు. మెయిన్ ఆపి ఆ మొదటిదాన్నే విప్పాను. అక్కడి నుంచి ముందుకు వెళ్లే వైరు స్క్రూలోంచి జారి మాడిపోయి ఉంది.

"గోడలకేసే గట్టి వైరు ఏసిండ్రు సైదులూ," అన్నాడు మేస్త్రి. "గోడ కదల్తదా? బండి కదల్తది. కుదుపులకు ఊడదా మరి?"

మెత్తటి వైరు వేసి బిగిస్తుండగా వెనక మంచం మీద పాప నిద్రలోంచి లేచి "నాన్నా!" అంది.

"ఆఁ, బిడ్డా," అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

"నిన్ను కాదురా, ఆళ్ల నాయినను!" అని మేస్త్రి నవ్వాడు. పాప తండ్రి కూడా నవ్వాడు. నేనూ నవ్వి, తల వంచుకుని, బిగించిన స్క్రూనే మళ్లీ బిగించాను. ఫ్యాన్ తిరిగింది.

ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేశాను. శిరీష ఎత్తితే "నాయినను బిడ్డా," అన్నాను. "అమ్మా, ఎవరో నాయినంట!" అని నిన్ను పిలిచింది. దాని తప్పేం లేదు. కన్నతల్లి కాన్పులో పోయిన నాటి నుంచి నీ ఒళ్లోనే పెరిగింది. నేను పని ఎక్కడుంటే అక్కడికి పోయేవాణ్ని. రోజూ కూలి లెక్క రాసుకునేవాణ్ని, ఆ రోజు పుస్తకం తెరవలేదు.

బావ పేరే రాయించు అక్కా. నేనేమీ అనుకోను. నిజంగా ఏమీ అనుకోను. నువ్వు తల్లివైతే నేను మేనమామనే కదా. దానికి అట్లాగే పిలవడం నేర్పు. పెండ్లినాడు పిల్లను గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చేది మేనమామే. ఆ పని మాత్రం ఇంకెవరికీ ఇవ్వకు.

పెద్దమ్మకు నా దండం చెప్పు. నీ దీవెన, బావ దీవెన నా మీద ఉండనీ.

నీ తమ్ముడు,
శిరీష మేనమామ,
సైదులు