ఆయన్నే అడిగాం

క్యాంప్ 1, భిలాయి

బావగారికి వందనాలు.

పక్షవాతంతో మాటా కదలికా పోయిన మీ తమ్ముడిని విశాఖలో మీ ఇంటికి తీసుకెళ్తానని రాశారు. నాకు ఓపిక తగ్గి, నేనూ సరేననుకున్నాను.

నిన్న ఇంజనీరింగ్ కాలేజీ రజని మేడమ్ తక్కువ ఖర్చుతో తయారుచేసిన తీగల టోపీ తెచ్చి ఆయన తలకు పెట్టారు. చెయ్యి ఎత్తాలని ఆయన మనసులో గట్టిగా అనుకుంటే టోపీకి కలిపిన చిన్న బల్బు వెలుగుతుంది. వెలిగితే అవునని అర్థం.

"ఏటండీ, మీ అన్నయ్య దగ్గరికి ఎల్తారేటి?" అనడిగాను. వెలగలేదు. టోపీ పనిచెయ్యడం లేదేమో అనుకున్నాను.

"పోనీ, నా దగ్గరే ఉంటారా?"

వెలిగింది. నమ్మలేక మళ్ళీ అడిగాను. మళ్ళీ వెలిగింది. చాలాసేపు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

బండి మాట్లాడకండి బావగారూ. మీరు మాత్రం తప్పకుండా రండి. అడగాలనుకున్నవి ఇక ఆయన్నే అడగండి.

మీ మరదలు